మూతల మామయ్య, మేనకోడలి మదర్‌బోర్డు

మూతల మామయ్య ఏ వస్తువునూ మూతతో ఉండగా నమ్మడు. ఆయనను గురించి మొట్టమొదట తెలుసుకోవలసిన సంగతి ఇదే. చేతికి గడియారం ఇస్తే టైము చూడకముందు వెనక రేకు విప్పుతాడు. రేడియో ఇస్తే పాట వినకముందు దాని పొట్టలోకి తొంగి చూస్తాడు. కొత్త మిక్సీ కొన్న ఇంటికి ఆయనను కాఫీకి పిలవడం బంధువులు ఏనాడో మానుకున్నారు; కాఫీ చల్లారేలోపు ఆ మిక్సీ అడుగు భాగం ఒక పళ్ళెంలోనూ, దాని స్క్రూలు మరొక పళ్ళెంలోనూ ఉండేవి.

ఒకసారి జ్వరం వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. డాక్టరు రక్తపోటు యంత్రం తగిలించగానే, మామయ్య దానివైపు అనుమానంగా చూసి, "ముందు మూత తీయండి," అన్నాడు.

"నాదా, యంత్రానిదా?" అని అడిగాడు డాక్టరు. ఆయనకు మామయ్య పాత పరిచయం.

"యంత్రానిదే. మీ సంగతి తర్వాత చూద్దాం."

ఇంట్లో పంచదార డబ్బా మొదలుకొని కాలింగ్ బెల్లు వరకు దేనికీ మూత ఉండేది కాదు. "ఈ ఇంట్లో మూత ఉన్నది ఆయన నోటికొక్కదానికే. ఆయన పనిచేసే ల్యాబు మాట ఎత్తితే అదీ ఊడిపోతుంది," అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాటకు మామయ్య నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. ఉన్న విషయం ఉన్నట్టు చెప్పినందుకు భార్యను మెచ్చుకుంటున్నట్టు తల మాత్రం ఊపేవాడు.

ఈ అపనమ్మకం ఒకనాడు తన మెడకే చుట్టుకుంటుందని మేనకోడలు కలలోనైనా అనుకోలేదు.

మేనకోడలిది చిన్న కార్ఖానా. ఒక ప్రెస్సు పైన రెండు గదులు, నాలుగు బల్లలు, ఐదుగురు పనివాళ్ళు. మూడేళ్ళు ఇతరుల కంప్యూటర్లు బాగుచేసిన తర్వాత, సొంతంగా ఒక మదర్‌బోర్డు తయారుచేసింది. కంప్యూటరులోని తక్కిన భాగాలన్నీ వచ్చి అతుక్కొనే పెద్ద పలక అది. దానిని పెట్టె లేకుండా విడిగా, దుకాణాలలో అమ్మాలని ఆమె ఆలోచన. ఒక టోకు వ్యాపారి ఐదువందల బోర్డులు అడిగాడు. అయితే, ఆ బోర్డు చుట్టుపక్కల రేడియోలనూ టీవీలనూ చెడగొట్టే, చెవికి వినబడని విద్యుత్ శబ్దం చిమ్మదని ల్యాబు నుంచి కాగితం తేవాలి. ఆ నెలాఖరు శుక్రవారం నాటికి కాగితం రాకపోతే ఆర్డరు వేరొకరికి పోతుంది. ఆర్డరు పోతే కార్ఖానాకు తాళం పడుతుంది, ఐదుగురూ ఇళ్ళకు పోతారు.

ఆ ఊళ్ళో అటువంటి కాగితాలిచ్చే పెద్ద ల్యాబు ఒకటే. అందులో ఇరవై ఆరేళ్ళుగా పరీక్షాధికారి మూతల మామయ్య.

దరఖాస్తు చేతికి రాగానే మామయ్య దానిమీద ఎర్ర సిరాతో, "దరఖాస్తుదారు నా మేనకోడలు. ఈ పరీక్ష వేరొకరికి అప్పగించవలెను," అని వ్రాసి డైరెక్టరుకు పంపాడు. డైరెక్టరు దానిని అలాగే తిప్పి పంపాడు. కింద ఒకే వాక్యం: "ఆ యంత్రం మీ మాట తప్ప ఎవరి మాటా వినదు." అది నిజమే. దాంతో పరీక్ష మామయ్య నెత్తినే పడింది. ఆనాటి నుంచి ల్యాబు గడప దాటి లోపల అడుగుపెడితే చాలు, మేనకోడలు ఆయనకు "మీరు" అయిపోయింది.

"రండి, నిర్మాణకర్తగారూ. కూర్చోండి."

"మామయ్యా, నిన్న సాయంత్రమే కదా మీ ఇంట్లో తిట్టుకున్నాం!"

"అది ఇల్లు. ఇది ల్యాబు. నమూనా ఎక్కడ?"

మేనకోడలు బోర్డును ఒక మామూలు కంప్యూటరు పెట్టెలో బిగించి తెచ్చింది. మామయ్య దానికి దణ్ణం పెట్టబోతున్నంత వినయంగా వంగి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఆగండాగండి! మూత ఎందుకు తీస్తున్నారు? కొన్నవాళ్ళు మూత పెట్టుకునే కదా వాడేది?"

"కంప్యూటరు మొత్తంగా అమ్మితే సరే. అది పెట్టెతో పుట్టింది, పెట్టెతోనే బతుకుతుంది. మూసి కొలవచ్చు. మీరు అమ్మేది విడి బోర్డు. అది ఎవరి పెట్టెలోకి పోతుందో మీకు తెలుసా?"

"తెలీదు."

"నాకు తెలుసా?"

"మీకెలా తెలుస్తుంది?"

"ఇద్దరికీ తెలియనప్పుడు ఏ మూతనూ నమ్మకూడదు. నియమం అదే. మామూలు పెట్టెలో పెట్టు, మూత తీయి, కొలువు. హద్దు కొంచెం దాటితే, పోనీ పాపమని మూత పెట్టి ఇంకోసారి కొలుస్తాం. బాగా దాటితే ఇంటికి పంపుతాం."

గోడలన్నిటికీ నల్లటి స్పాంజి ముళ్ళు తొడిగిన గదిలో, గుండ్రటి బల్ల నడుమ, నెత్తిన గొడుగు లేని మనిషిలా మూత లేని పెట్టె మెల్లగా తిరిగింది. ఎదురుగా నిలబెట్టిన ఏంటెన్నా అది చిమ్మే శబ్దాన్ని పట్టుకుంటుంటే, పక్క గదిలో తెరమీద పచ్చ గీత కొండలెక్కింది. గంటన్నర తర్వాత మామయ్య వచ్చి నిలబడ్డాడు.

"హద్దు బాగా దాటింది. పదకొండు డెసిబెల్స్."

"మూత పెడితే?"

"మూత పెడితే నేను కూడా అందగాడినే."

పెట్టెను మళ్ళీ బిగించి, ముద్ర వేసి ఆమె చేతికిస్తూ, "ఇంటికి వెళ్ళి మూత తీసి చూసుకోండి," అన్నాడు. ఎత్తిపొడుపు అనుకొని మేనకోడలు పళ్ళు నూరింది. కార్ఖానాకు రాగానే ఆ పెట్టెను ముద్రతో సహా ఒక మూలకు తోసేసింది.

పెట్టె మూతే సరిగా లేదని ఆమె నిశ్చయించుకుంది. బలమైన మూత చూశాకైనా మామయ్య దాన్ని పెట్టి కొలవకపోతాడా? రేకుకు రెట్టింపు మందం చేయించింది. నాలుగు స్క్రూలున్నచోట పదహారు పెట్టించింది. కొత్త బోర్డు బిగించి రెండోసారి ల్యాబుకు తీసుకొనిపోయింది.

మామయ్య ఆ పదహారూ ఒక్కొక్కటే విప్పి వరసగా పేర్చాడు. మూతను రెండు చేతులా ఎత్తి, వెలుతురులో పెట్టి చూశాడు. "మంచి పనితనం," అన్నాడు. ఆమె ముఖం వెలిగింది. దానిని తీసుకుపోయి గోడకు ఆనించి, బోర్డును కొలిచాడు.

"పదకొండు."

"మళ్ళీ పదకొండేనా?"

"మీ నిలకడ మెచ్చుకోవలసిందే. ఇంటికి వెళ్ళి మూత తీసి చూసుకోండి."

రెండో పెట్టె కూడా మూల చేరింది. మూడోది తయారైంది. మూత అంచుల చుట్టూ రాగి జాలి, నలభై స్క్రూలు. సోల్డరింగ్ బల్ల దగ్గర కూర్చునే పెద్దామెను ఆ కార్ఖానాలో అందరూ అక్కా అంటారు. ఆ అక్క నలభయ్యో స్క్రూ బిగిస్తూ, "ఇది కంప్యూటరా, బ్యాంకు లాకరా?" అని అడిగింది.

"మా మామయ్య విప్పకుండా చేయడానికి, అక్కా. విప్పలేక చచ్చినట్టు మూతతో కొలవాలి."

మామయ్య నలభై విప్పాడు. విప్పుతున్నంతసేపూ పెదవులమీద సన్నగా ఈల ఆడింది. ఆయన జీవితంలో అంతటి సుఖమైన మధ్యాహ్నం మరొకటి ఉండి ఉండదు.

పదకొండు.

ఈసారి మేనకోడలు వెంటనే వెళ్ళిపోలేదు. వసారాలో బెంచీ మీద కూలబడింది. డైరెక్టరు గది తలుపు ఓరగా ఉంది. లోపల మాటలు వద్దన్నా వినిపించాయి.

"చూడండి, ఆ టోకు వ్యాపారిది నలభై రకాల సరుకు మన దగ్గరకే పరీక్షకు వస్తోంది. ఆయన ఫోను చేశాడు. మూత పెట్టి ఒక్కసారి కొలిచి సంతకం పెట్టేయండి. పైగా మీ మేనకోడలే కదా!"

"అందుకే పెట్టను. అది కాకపోయినా పెట్టను."

"పట్టుపట్టకండి. రేపే స్టోరు గదికి పంపుతాను మిమ్మల్ని."

"పంపండి. అక్కడ డబ్బాలకు మూతలున్నాయా?"

"ఎందుకుండవు!"

"అయితే పని దొరుకుతుంది."

ధభీమని ఏదో బల్లమీద పడింది. మామయ్య బయటికి వచ్చి, తిన్నగా పరీక్షగదిలోకి పోయి, అరగంట తర్వాత ముద్ర వేసిన మూడో పెట్టెను తెచ్చి మేనకోడలి ఒళ్ళో పెట్టాడు. "ఇంటికి వెళ్ళి మూత తీసి చూసుకోండి," అన్నాడు. ఈసారి ప్రతి మాటనూ ఒత్తి పలికాడు. ఆమెకు అది వినిపించలేదు. తన పంతం నెగ్గడానికి ఈ మనిషి ఐదు కుటుంబాలను ముంచుతున్నాడన్న మాట తప్ప ఆమె చెవుల్లో మరేదీ లేదు.

ఆ సాయంత్రం మామయ్య ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలదీసింది.

"ఇప్పుడు ల్యాబు కాదు. ఇల్లే. మామయ్యా, నా బోర్డులో తప్పెక్కడుందో చెప్పు."

"మూత తీసి చూశావా?"

"మళ్ళీ మూతేనా! నువ్వే కదా మూడుసార్లు తీసింది!"

"నేను తీస్తే నాకు తెలుస్తుంది. నువ్వు తీస్తే నీకు తెలుస్తుంది."

"అత్తయ్యా, విన్నావా ఈయన మాటలు?"

"ముప్ఫై ఏళ్ళుగా వింటున్నానమ్మా," అంది అత్తయ్య మూత లేని గిన్నెలో గరిటె తిప్పుతూ. "నాకూ అర్థం కాలేదు. కానీ ఒకటి చెబుతా. ఈయన ఒక మాట మూడుసార్లు అన్నాడంటే అది కోపం కాదు. కోపమొస్తే అసలు మాట్లాడడు."

మేనకోడలు వినిపించుకోలేదు. చెప్పులు తొడుక్కొని వచ్చేసింది.

మర్నాడు బుధవారం. టోకు వ్యాపారి స్వయంగా మెట్లెక్కి కార్ఖానాకు వచ్చాడు. గట్టిగా ఊపిరి పీల్చుకొని, నెమ్మదిగా చెప్పాడు.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? పక్క ఊళ్ళో ఇంకో ల్యాబు ఉంది. మూత పెట్టే కొలుస్తారు. గంటలో కాగితం చేతికిస్తారు. రెండు నమూనాలు పంపించు, చాలు. శుక్రవారానికి అంతా సర్దుకుంటుంది."

"అది నియమం కాదు కదండీ?"

"నియమం మనుషుల కోసమా, మనుషులు నియమం కోసమా?"

మేనకోడలు ఐదుగురి ముఖాలవైపూ చూసింది. అక్క తలెత్తకుండా సోల్డరు కాల్చుతూనే ఉంది. "సరే," అన్నది మేనకోడలు.

కొత్త బోర్డులు సిద్ధంగా లేవు. మూల పడి ఉన్న పెట్టెల్లోంచే రెండు తీసుకోవాలి. ఆమె మొదటి పెట్టెను బల్లమీదికి లాగి, పంపేముందు బోర్డు సరిగా ఉందో లేదో చూద్దామని ముద్ర చింపి, మూత ఎత్తింది.

మూత లోపలివైపు పసుపు కాగితం ఒకటి అతికించి ఉంది. స్కేలు పెట్టి గీసిన బోర్డు బొమ్మ. దానిమీద ఎర్ర సిరాతో మూడు సున్నాలు. కింద గుండ్రటి అక్షరాలు: "కొలతలో గమనించినవి. కీబోర్డు తీగ తగిలించే చోట శబ్దం అన్నిటికన్న ఎక్కువ. తీగ తీసివేయగా ఆరు డెసిబెల్స్ తగ్గినది. బోర్డుకు లయనిచ్చు క్రిస్టల్ డబ్బాకు ఎర్త్ తీగ ఆనించగా మరి నాలుగు తగ్గినది. ఎడమ మూల స్క్రూ కింద రంగు ఉన్నందున ఎర్త్ అందుట లేదు."

మేనకోడలు ఆ కాగితాన్ని ఊడదీసి, రెండో పెట్టెను బల్లమీదికి లాగింది.

రెండో పెట్టెకు ఆమె పదహారు స్క్రూలు ఎలా విప్పిందో ఆమెకే తెలియదు. అందులో మరొక పసుపు కాగితం. అవే సున్నాలు, అవే కొలతలు, ఈసారి ఇంకాస్త పెద్ద అక్షరాలతో. చివర ఒక వాక్యం అదనం: "మొదటి కాగితం చదివినట్టు కనబడుట లేదు. మూత చాలా బాగున్నది."

మూడోదానికి నలభై. మధ్యలో అక్క వచ్చి రెండో స్క్రూడ్రైవరు అందుకొని ఆ పక్కనుంచి విప్పింది. మూడో కాగితం రెండు వైపులా నిండి ఉంది. ముందు వైపు కొలతలు. వెనకవైపు ఇలా ఉంది:

"నాలుగోసారి మీరు వచ్చేనాటికి నేను ఈ గదిలో ఉండకపోవచ్చును. ఆ వచ్చినవారికి ఇవన్నీ వెదికే ఓపిక ఉంటుందో ఉండదో. కాబట్టి ఒక్కటీ మిగల్చకుండా వ్రాసితిని. ఎలా బాగుచేయాలో చెప్పుట పరీక్షాధికారి పని కాదు. ఎక్కడ ఎంత కొలిచితినో చెప్పుట మాత్రం నా పని. దానిని ఎవరూ ఆపలేరు. బోర్డు చెడ్డది కాదు. మూడు చోట్ల మాత్రమే అల్లరి చేయుచున్నది."

మేనకోడలు నేలమీద కూర్చుండిపోయింది. ముందు కళ్ళు చెమర్చాయి. అంతలో నలభై స్క్రూలు కాలికింద గుచ్చుకోవడంతో నవ్వొచ్చింది. మామయ్య విప్పలేకుండా చేయాలని తాను పెట్టించిన మూతలు, తననే లోపలికి చూడకుండా ఆపాయి.

అక్క ఆ కాగితాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకొని చూసింది. "ఈ చేతిరాత నాకు తెలుసు. ఇదివరకు పనిచేసిన చోట కూడా ఫెయిలై వచ్చిన ప్రతి పెట్టెలో ఇలాంటి పసుపు కాగితం ఉండేది. మా ఓనరు దాన్ని చూసే బాగుచేయించేవాడు. ల్యాబు పెద్దాయన అనేవాడు. ఆయన మీ మామయ్యా?"

"ముందే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు ఎప్పుడు మూత తీశావని?"

టోకు వ్యాపారికి మేనకోడలే ఫోను చేసింది. "ఆ పక్క ఊరి కాగితం నాకొద్దండీ."

"పిచ్చి పట్టిందా?"

"మా వంశంలో ఉంది లెండి. శుక్రవారం ల్యాబుకు రండి."

గురువారమంతా కార్ఖానాలో ఎవరూ కుర్చీకి వీపు ఆనించలేదు. కీబోర్డు తీగ దగ్గర శబ్దాన్ని మింగే చిన్న నల్ల పూసలు సోల్డరు చేశారు. క్రిస్టల్ డబ్బాకు ఎర్త్ కలిపారు. ఎడమ మూల స్క్రూ కింద రంగు గీకేశారు.

శుక్రవారం ఉదయం మేనకోడలు పెట్టెను చంకన పెట్టుకొని ల్యాబు మెట్లెక్కింది. డైరెక్టరు ఎదురొచ్చాడు. వెనక సోఫాలో టోకు వ్యాపారి గడియారం చూసుకుంటున్నాడు.

"రామ్మా. మీ మామయ్యను మొన్ననే స్టోరుకు పంపించాను. ఇంక నీకే చిక్కూ లేదు. నేనే కొలుస్తాను. మూత ఏది?"

"తేలేదండీ."

"అంటే?"

"మూత లేకుండా కొలవండి. నియమం అదే కదా?"

డైరెక్టరు ఆమెనూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. "అమ్మాయీ, మూత పెట్టి కొలుస్తామని మేమే అంటుంటే, నువ్వు వద్దంటావేమిటి?"

"వద్దనే అంటున్నాను."

డైరెక్టరు చొక్కా చేతులు మడిచి యంత్రం ముందు కూర్చున్నాడు. గంటసేపు కష్టపడ్డాడు. తెరమీద ఒకసారి ఏమీ రాలేదు; ఒకసారి పక్క వీధిలోని రేడియో స్టేషను వచ్చింది; ఒకసారి గుండ్రటి బల్ల తిరగడం మొదలుపెట్టి ఆగనే లేదు. చివరికి చెమట తుడుచుకొని, స్టోరుకు కబురు పంపాడు.

స్టోరు నుంచి జవాబు కాగితం మీద వచ్చింది: "నన్ను వ్రాతపూర్వకంగా పంపితిరి. వ్రాతపూర్వకంగా పిలువవలెను."

"ఈ మనిషి నా ప్రాణం తీస్తాడు," అన్నాడు డైరెక్టరు.

"రాయండి సార్," అన్నాడు సోఫాలోంచి టోకు వ్యాపారి. "నాకు మధ్యాహ్నం రైలుంది."

డైరెక్టరు వ్రాశాడు. మామయ్య వచ్చాడు. చేతిలో ఉత్తర్వు, చెవిమీద పెన్సిలు. ఉత్తర్వును రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకొని, మేనకోడలివైపు తిరిగాడు.

"రండి, నిర్మాణకర్తగారూ. మూత?"

"ఇంట్లో ఉంది."

మామయ్య స్క్రూడ్రైవరు సగం బయటికి తీసినవాడు, దానిని మళ్ళీ జేబులోకి తోశాడు. విప్పడానికి ఏమీ లేని చేతులను ఏం చేయాలో తోచక కాసేపు వెనక కట్టుకున్నాడు. ఆ తర్వాత బల్లమీద పెట్టెను పెట్టాడు.

గంటన్నరసేపు బల్ల తిరిగింది. పచ్చ గీత పాకింది. ఒకచోట లేచింది, మేనకోడలి గుండె లేచింది. గీత వంగింది. హద్దు గీతకు రెండు డెసిబెల్స్ కింద, ఆ చివరినుంచి ఈ చివరిదాకా, బుద్ధిగా పడుకుంది.

"పాసైంది," అన్నాడు మామయ్య, వర్షం వచ్చింది అన్నట్టు.

"అంతేనా? ఇంకేమీ అనరా?"

"రెండే మిగిలింది. తర్వాతి బ్యాచిలో జాగ్రత్త."

నివేదిక అచ్చయి వచ్చింది. మామయ్య ప్రతి పేజీ చదివి, ఒక కామా సరిదిద్ది, సంతకం చేశాడు. చివరి పేజీలో "ఇతర వ్యాఖ్యలు" అనే గడి ఉంది. దాని దగ్గర కలం ఆగింది. ఆయన ఆ గడిలో ఏదైనా వ్రాయడం తాను ఎన్నడూ చూడలేదని డైరెక్టరు తర్వాత చెప్పాడు. ఆ రోజు వ్రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. కాగితాన్ని టోకు వ్యాపారి చేతికిచ్చి, డైరెక్టరుతో, "నేను స్టోరుకు వెళ్ళాలా, ఇక్కడే ఉండాలా? ఏదైనా వ్రాసి ఇవ్వండి," అన్నాడు.

"ఇక్కడే ఉండండి మహానుభావా," అన్నాడు డైరెక్టరు కలం కోసం వెదుక్కుంటూ.

టోకు వ్యాపారి చివరి పేజీ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇదేమిటమ్మా? కొన్నవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?"

మేనకోడలు తొంగి చూసింది. ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో ఒకే వాక్యం.

"ఏమీ చెప్పక్కర్లేదు," అంది ఆమె. "నేనే దాన్ని ప్రతి అట్టపెట్టె మీదా అచ్చు వేయిస్తాను."

అన్నట్టుగానే వేయించింది. ఐదువందల పెట్టెలమీదా, ఆమె బోర్డు పేరుకు కింద, ఈనాటికీ ఆ మాట కనబడుతుంది: "ఈ నమూనాకు మూత సమర్పింపబడలేదు, అవసరమూ పడలేదు."